జూన్ నుంచి మీ షాపు కరెంటు, గ్యాస్ బిల్లుల్లో ఏది మారుతోంది, ఏది మన చేతిలో ఉంది

న్యూజెర్సీలో బ్రోకర్లమైన మా ద్వారా కరెంటు, గ్యాస్ కాంట్రాక్టులు తీసుకున్న రెస్టారెంట్లు, గ్రాసరీలు, డేకేర్లు, చిన్న ఆఫీసుల యజమానులందరికీ నమస్కారం.

ఈ మధ్య అందరూ అడుగుతున్నది ఒకటే: "సప్లయర్‌ని మార్చినా బిల్లు తగ్గలేదేంటండీ?" ఉన్నదున్నట్టు చెప్తాం. సప్లయర్ అంటే కరెంటు అమ్మే కంపెనీ, తీగలూ మీటరూ చూసేది యుటిలిటీ. పెరిగినదాంట్లో ఎక్కువ భాగం సప్లయర్ చేతిలో లేదు, మా చేతిలో అసలే లేదు. అది కెపాసిటీ, ట్రాన్స్‌మిషన్ అనే రెండు చార్జీల్లో ఉంది: మొదటిది పవర్ ప్లాంట్లు సిద్ధంగా ఉండటానికి, రెండోది హై వోల్టేజి లైన్లకి. వాటి లెక్కంతా వాషింగ్టన్‌లోని ఫెడరల్ ఎనర్జీ రెగ్యులేటరీ కమిషన్, అంటే ఫెర్క్, ఆమోదించిన టారిఫ్‌ల ప్రకారం నడుస్తుంది. బేరం ఆడటానికి వీల్లేదు. కానీ ఆ రేటును ఎన్ని కిలోవాట్లతో గుణించాలన్నది మాత్రం మీ షాపు వాడకాన్ని బట్టే తేలుతుంది. ఈ ఉత్తరంలో ఎక్కువగా చెప్పేది దాని గురించే.

ముందు ఎవరి పరిధి ఎంతవరకో చూద్దాం. మీ వీధి స్తంభాలు, మీటరు, లోకల్ డెలివరీ రేటు ట్రెంటన్‌లోని బీపీయూ (రాష్ట్ర పబ్లిక్ యుటిలిటీస్ బోర్డు) కిందికి వస్తాయి. రాష్ట్రాల మధ్య నడిచే హోల్‌సేల్ కరెంటు, హై వోల్టేజి లైన్ల చార్జీలు 1935 నాటి ఫెడరల్ పవర్ యాక్ట్ కింద, రాష్ట్రం దాటే గ్యాస్ పైప్‌లైన్లు 1938 నాటి నేచురల్ గ్యాస్ యాక్ట్ కింద ఫెర్క్ చూస్తుంది. పైప్‌లైన్ భద్రత ఫెర్క్‌ది కాదు, అది రవాణా శాఖలోని ఫిమ్సా పని. కాబట్టి బిల్లు పెరిగిందని బీపీయూకి ఫిర్యాదు పెడితే డెలివరీ భాగం గురించి జవాబు వస్తుంది కానీ కెపాసిటీ ధరను వాళ్లు మార్చలేరు.

ఇక కెపాసిటీ. పదమూడు రాష్ట్రాలు, డీసీ కలిసిన మన గ్రిడ్‌ని నడిపేది పీజేఎం. ఎండాకాలంలో అందరూ ఒకేసారి ఏసీ వేసినా కరెంటు సరిపోవాలి కదా, అందుకని ముందుగానే వేలం పెట్టి పవర్ ప్లాంట్లకు "అవసరమైనప్పుడు సిద్ధంగా ఉంటాం" అన్న మాటకే డబ్బు కడుతుంది. కెపాసిటీ చార్జీ అంటే అదే. 2025 జూన్‌తో మొదలైన సంవత్సరానికి మన ప్రాంతంలో ధర మెగావాట్‌కి రోజుకి 269.92 డాలర్లు. 2026 జూన్ 1 నుంచి 329.17. 2027 జూన్ నుంచి 333.44. చివరి రెండూ ఫెర్క్ 2025 ఏప్రిల్‌లో ఒప్పుకున్న గరిష్ఠ పరిమితి దగ్గరే ఆగాయి. ఆ పరిమితి లేకపోతే ఇంకా పైకి పోయేవి. డేటా సెంటర్ల డిమాండు ఎగబాకుతోంది, కొత్త ప్లాంట్లు గ్రిడ్‌కి కలవడానికి క్యూలో ఏళ్లు పడుతోంది. ఈ రెండూ తీరేదాకా పాత ధరలు తిరిగొస్తాయని మేం ఎవరికీ చెప్పం.

దీన్ని మీ షాపు లెక్కలోకి తెద్దాం. మెగావాట్‌కి 329.17 అంటే ఒక కిలోవాట్‌కి ఏడాదికి 120 డాలర్లు. మీ కెపాసిటీ ఆబ్లిగేషన్, అంటే ఈ చార్జీ వేయడానికి మీ పేరున రాసిన కిలోవాట్లు, 60 అయితే దాదాపు 7,200 డాలర్లు. అదనపు నిల్వకీ (రిజర్వ్), మీ యుటిలిటీ ప్రాంతానికీ (జోన్) వేసే గుణకాలు దీని మీద ఇంకా కొంత కలుపుతాయి. ఇదే 60 కిలోవాట్లతో రాత్రింబవళ్లు ఫ్రీజర్లు నడిచే గ్రాసరీ ఏడాదికి 3,00,000 యూనిట్లు వాడితే, యూనిట్‌కి 2.4 సెంట్లు పడుతుంది. పగలు మాత్రమే నడిచే డేకేర్ 1,80,000 యూనిట్లే వాడితే 4 సెంట్లు పడుతుంది. పక్కపక్క షాపులకు ఒకే సప్లయర్ వేర్వేరు రేట్లు చెప్పడానికి కారణం ఇదే. "మా ఫ్రెండుకి వచ్చిన రేటే నాకూ కావాలి" అంటే కుదరనిది అందుకే.

మరి ఆ 60 కిలోవాట్లు ఎక్కణ్ణుంచి వచ్చాయి? జూన్ 1 నుంచి సెప్టెంబర్ 30 దాకా పీజేఎం మొత్తం మీద డిమాండు అత్యధికంగా ఉన్న ఐదు రోజులు తీసుకుంటారు. ఆ ఒక్కో రోజులో అత్యధిక గంట ఒకటి. ఆ ఐదు గంటల్లో మీ మీటరు ఎంత లాగిందో సగటు తీస్తారు. అంతే. 2026 ఎండాకాలంలో ఆ ఐదు గంటల్లో మీరు లాగిన కరెంటు 2027 జూన్ నుంచి 2028 మే దాకా మీ బిల్లును నిర్ణయిస్తుంది. సగటున ఒక కిలోవాట్ తగ్గిస్తే ఆ ఏడాది సుమారు 122 డాలర్లు మిగులుతాయి. పది తగ్గిస్తే 1,200 పైనే.

ఇక్కడ ఒక మెలిక ఉంది, చాలామంది బ్రోకర్లు దీన్ని చెప్పరు. మీ ఖాతాని గంటవారీ రీడింగ్ మీద కాకుండా, అదే తరగతి కస్టమర్ల సగటు ప్రొఫైల్ మీద లెక్కిస్తుంటే, ఆ ఐదు గంటలూ షాపు మొత్తం ఆపేసినా మీ అంకె మారదు. చిన్న ఖాతాల్లో ఇలాంటివి ఇంకా ఉన్నాయి. స్మార్ట్ మీటరు బిగించారు కాబట్టి గంటవారీ లెక్కే అనుకోవద్దు, మీటరు వేరు, లెక్క కట్టే పద్ధతి వేరు. శ్రమ పడే ముందు యుటిలిటీకి ఫోన్ చేసి "నా కెపాసిటీ ఆబ్లిగేషన్ ఇంటర్వల్ డేటా మీద కడుతున్నారా, ప్రొఫైల్ మీదా?" అని ఆ మాటల్లోనే అడగండి.

గంటవారీ లెక్క అయితే షాపులో చేయగలిగింది చాలా ఉంది. ఆ గంట సాధారణంగా జూన్ చివరి నుంచి ఆగస్టు లోపు, పనిరోజున, వరసగా రెండు మూడు రోజులు ఉక్కపోసిన తర్వాత, సాయంత్రం 4 నుంచి 6 మధ్య పడుతుంది. 2025 జూన్ 23న పీజేఎం డిమాండు 1,60,000 మెగావాట్లు దాటింది, అది సరిగ్గా ఇలాంటి రోజే. ఏ ఐదు రోజులన్నది సీజన్ ముగిశాకే ఖాయమవుతుంది. అందుకని అలాంటి రోజుల్లో మధ్యాహ్నం 3 గంటల నుంచి సాయంత్రం 7 దాకా జాగ్రత్త పడాలి. ఐదు దొరకాలంటే అంతకు రెండు మూడింతల రోజులు పాటించాల్సి వస్తుంది. అలాంటి రోజు పొద్దున్నే మేం మెసేజ్ పెడతాం.

అన్నిటికన్నా ముందు వాకిన్ ఫ్రీజర్ డీఫ్రాస్ట్ టైమరు చూడండి. పాత ఫ్రీజర్లలో గుండ్రటి డయల్ చుట్టూ పిన్నులు బిగించే మెకానికల్ గడియారం ఉంటుంది. కరెంటు పోయినప్పుడు అది ఆగిపోతుంది, వచ్చాక ఆగిన చోటి నుంచే నడుస్తుంది. మార్చిలో గంట ముందుకు జరిపినప్పుడు దీన్నెవరూ ముట్టుకోరు. అలా రెండేళ్లు గడిస్తే మధ్యాహ్నం 2కి అవ్వాల్సిన డీఫ్రాస్ట్ 5కి మొదలవుతుంది. కాయిల్ హీటర్లు కొన్ని కిలోవాట్లు లాగుతాయి, అవి ఆగగానే లోపల పెరిగిన వేడిని దించడానికి కంప్రెసర్ ఆపకుండా నడుస్తుంది. రెండూ కలిసి సరిగ్గా పీక్ గంటలో పడతాయి. డయల్‌ని అసలు టైముకి తిప్పి, 3కీ 7కీ మధ్య ఉన్న పిన్నుని మధ్యాహ్నం 1కి మార్చండి. పిన్నుల సంఖ్య మాత్రం తగ్గించొద్దు, కాయిల్ మీద మంచు గడ్డకట్టి అసలుకే మోసం వస్తుంది.

వాకిన్ కూలర్‌ని మధ్యాహ్నం 36 డిగ్రీల ఫారెన్‌హీట్‌కి దించి, పీక్ గంటల్లో తలుపు తీయడం తగ్గిస్తే చాలు. కూలర్‌నే ఆపేయమని మేం చెప్పట్లేదు. లోపలి పదార్థం 41 దాటకూడదు, హెల్త్ ఇన్‌స్పెక్టర్ ఆ అంకే చూస్తాడు. ఐస్ మెషీన్‌ని రాత్రి నింపుకుని 3కి ఆపేయొచ్చు. దోశ పిండి గ్రైండింగ్ పొద్దున్నే పెట్టుకోండి. డిష్‌వాషర్‌కి ఎలక్ట్రిక్ బూస్టర్ హీటర్ ఉంటే లంచ్ గిన్నెలు 3 లోపే కడిగేయండి, వంటగదిలో ఎవరి కంటా పడకుండా కరెంటు ఎక్కువ తాగేది అదే. పైకప్పు ఏసీలను 1 గంట నుంచే 72కి చల్లబరిచి, 3కి 77కి పెంచండి. 7కి మళ్లీ తగ్గించేటప్పుడు అన్నీ ఒక్కసారే కాకుండా పావుగంట తేడాతో వదలండి. లేకపోతే కెపాసిటీలో మిగిల్చింది యుటిలిటీ నెలవారీ డిమాండ్ చార్జీలో (ఆ నెలలో ఒక్కసారిగా ఎక్కువ లాగినదాని మీద పడేది) పోతుంది. కండెన్సర్ కాయిల్స్ మే నెలలోనే కడిగించండి, నూనె పొగ పట్టిన కాయిల్ ఉన్న యూనిట్ అదే చల్లదనానికి ఎక్కువ ఆంప్స్ లాగుతుంది.

రెస్టారెంట్ వాళ్లకు ఇంకో మాట. డిన్నర్ మొదలయ్యే వేళ కూడా అదే. ఎగ్జాస్ట్ ఫ్యాన్లు ఆపలేరు, డైనింగ్ హాలు ఉక్కపోతగా ఉంచలేరు. కిలోవాట్‌కి 120 డాలర్ల కోసం కస్టమర్‌ని పోగొట్టుకోవద్దు. వెనకగదిలో తగ్గించగలిగినంతే తగ్గించండి.

ట్రాన్స్‌మిషన్ చార్జీ కూడా కిలోవాట్ల మీదే పడుతుంది, కానీ పీక్ లెక్క వేరు. మీ యుటిలిటీ జోన్ పీక్ చూస్తారు, అది మొత్తం పీజేఎం పీక్ రోజునే పడాలని లేదు. కొత్త అంకె జనవరి 1 నుంచి అమల్లోకి వస్తుంది. రేటు ఎందుకు పెరుగుతుందో ఒక ఉదాహరణ. మేరీల్యాండ్‌లో పీడ్‌మాంట్ రిలయబిలిటీ ప్రాజెక్ట్ పేరుతో 67 మైళ్ల 500 కిలోవోల్ట్ లైను ప్రతిపాదనలో ఉంది. దాన్ని ఎక్కడ వేయాలన్న అనుమతి మేరీల్యాండ్ రాష్ట్ర యుటిలిటీ కమిషన్‌ది. గ్యాస్ పైప్‌లైన్‌కి ఫెర్క్ సర్టిఫికెట్ ఇస్తే భూసేకరణ హక్కు కూడా వస్తుంది. కరెంటు లైన్ల విషయంలో ఆ పెత్తనం ప్రధానంగా రాష్ట్రాలదే. ఖర్చు పంపకం మాత్రం ఫెర్క్ ఆమోదించిన సూత్రం ప్రకారం జరుగుతుంది: ఇలాంటి 500 కిలోవోల్ట్ లైన్ల ఖర్చులో సగం పీజేఎం జోన్లన్నిటికీ వాటి లోడును బట్టి పంచుతారు, మిగతా సగం ఆ లైను వల్ల మేలు పొందే జోన్లకు వేస్తారు. అంటే మేరీల్యాండ్‌లో లైను పడితే న్యూజెర్సీ ఎడిసన్‌లోని షాపు కూడా కొంత కడుతుంది.

కాంట్రాక్టు విషయానికొస్తే, "ఫిక్స్‌డ్" అన్న మాట చూసి సంతకం పెట్టొద్దు. కెపాసిటీ, ట్రాన్స్‌మిషన్ రెండూ రేటులో ఉన్నాయా, లేక పాస్‌త్రూ అని అసలు ఖర్చు ఎంతైతే అంత విడిగా వేస్తారా, మొదట అది తేల్చుకోండి. రెండూ లోపలే ఉన్నా "రెగ్యులేటరీ మార్పు" క్లాజు వదులుగా రాసి ఉంటే ఫెర్క్ ఏదైనా కొత్త ఆర్డర్ ఇచ్చినప్పుడల్లా రేటు సవరిస్తారు. 6.625 శాతం సేల్స్ టాక్స్ కలిపారో లేదో అడగండి. వాడకం ఫలానా శాతం మించి తగ్గినా పెరిగినా పెనాల్టీ అనే బ్యాండ్‌విడ్త్ క్లాజు, ఆటో రెన్యూవల్ నోటీసు గడువు చదవండి. మా అభిప్రాయం: ఐదు గంటల క్రమశిక్షణ పాటించగల షాపుకి కెపాసిటీ పాస్‌త్రూ మేలు, ఎందుకంటే తగ్గించిన లాభం మీకే వస్తుంది. పాటించలేనివాళ్లకు అన్నీ కలిపిన ఫిక్స్‌డే నయం. మా ఫీజు సప్లయర్ రేటులోనే యూనిట్‌కి ఇంత అని కలిసి ఉంటుంది. ఇకపై ప్రతి కోట్ మీదా ఆ అంకె విడిగా రాసి ఇస్తాం.

గ్యాస్ గురించి క్లుప్తంగా. ధర రెండు ముక్కలు: లూసియానాలోని హెన్రీ హబ్ ధర ఒకటి, అక్కణ్ణుంచి ఇక్కడికి చేరే దారి ఖర్చు, అంటే బేసిస్, రెండోది. చలికాలంలో గాయం చేసేది రెండోదే. మన రాష్ట్రానికి ట్రాన్స్‌కో, టెక్సస్ ఈస్టర్న్ లాంటి కొద్ది పైప్‌లైన్లే దిక్కు. గడ్డకట్టే చలిలో అందరికీ ఒకేసారి కావాలి. కొత్తవి రావడం ఎంత కష్టమో చూశాం. పెన్‌ఈస్ట్ అనే పైప్‌లైన్ కంపెనీ 2021లో సుప్రీంకోర్టులో గెలిచి కూడా అదే ఏడాది ప్రాజెక్టు మానేసింది. ట్రాన్స్‌కో విస్తరణకు ఫెర్క్ 2023లో ఇచ్చిన అనుమతిని డీసీ సర్క్యూట్ కోర్టు 2024 జూలైలో కొట్టేసింది, 2025 జనవరిలో ఫెర్క్ మళ్లీ ఇచ్చింది. అందుకని హెన్రీ హబ్ ధరను మార్కెట్‌తో పాటు మారేలా వదిలినా, డిసెంబర్ నుంచి మార్చి దాకా బేసిస్‌ని ఫిక్స్ చేసుకోమంటాం. ఆయిల్‌తోనూ నడిచే బాయిలర్ ఉన్న హోటళ్లు ఇంటరప్టిబుల్ రేటు (ఆపమన్నప్పుడు గ్యాస్ వాడకం ఆపాల్సిన రేటు) మీద ఉంటే, నవంబర్ లోపే ఆయిల్ బర్నర్ ఒకసారి వెలిగించి చూడండి. ఆపమన్నప్పుడు ఆపకపోతే పడే పెనాల్టీ ఆ ఏడాది మిగిల్చినదాన్ని మింగేస్తుంది.

ఈ రేట్ల మీద మీ మాట చెప్పాలనుకుంటే దారి ఉంది. ఫెర్క్ సైట్‌లో ఈకామెంట్ ద్వారా 6,000 అక్షరాల దాకా రాయొచ్చు, లాయర్ అక్కర్లేదు. డాకెట్ నంబరు, అంటే ఆ కేసు నంబరు, తప్పనిసరి: ఈఆర్‌తో మొదలైతే కరెంటు రేటు ఫైలింగ్, సీపీ అయితే గ్యాస్ పైప్‌లైన్ అనుమతి. రేటు ఫైలింగ్‌లకు గడువు మామూలుగా 21 రోజులే. "రేట్లు ఎక్కువ" అని రాస్తే లాభం లేదు. మీ షాపు కిలోవాట్లు, పాత చార్జీ, కొత్త చార్జీ అంకెలతో రాయండి. రాసింది అందరికీ కనిపిస్తుంది కాబట్టి ఖాతా నంబరు పెట్టొద్దు. ఇంకా ముందుకెళ్లి ఆర్డర్‌ని సవాలు చేయాలంటే కామెంట్ సరిపోదు, ఇంటర్వీనర్‌గా, అంటే ఆ కేసులో ఒక పక్షంగా, చేరి ఉండాలి, ఆర్డర్ వచ్చిన 30 రోజుల్లో రీహియరింగ్ (మళ్లీ పరిశీలించమని) కోరాలి.

మే నెలాఖరు లోపు కరెంటు బిల్లు అన్ని పేజీలూ ఫోటో తీసి పంపండి. కెపాసిటీ, ట్రాన్స్‌మిషన్ ఆబ్లిగేషన్ అంకెలు తరచుగా రెండో పేజీలోనో మూడో పేజీలోనో చిన్న అక్షరాల్లో ఉంటాయి, మొదటి పేజీ ఒక్కటే పంపితే లెక్క కట్టలేం. దాంతోపాటు డీఫ్రాస్ట్ టైమరు ఫోటో కూడా ఒకటి, తీసిన టైముతో సహా.