స్కెచ్ బుక్ ఇవ్వండి, మార్కులు మాత్రం వేయొద్దు

సంపాదకుడికి,

మన హైస్కూళ్లలో డ్రాయింగ్ పీరియడ్ అంటే చాలాచోట్ల మాస్టారు బోర్డు మీద వేసిన బొమ్మను విడి షీటు మీదికి దించడమే. రెండు కొండలు, మధ్యలో సూర్యుడు, ఓ గుడిసె, పక్కన కొబ్బరిచెట్టు. గోదావరి ఒడ్డున పుట్టి పెరిగిన పిల్లలూ ఇదే వేస్తారు. రోజూ చూసే పడవ, రేవు మెట్లు, రైలు వంతెన ఆ షీటు మీదికి రానే రావు. బాగా కుదిరిన నాలుగు షీట్లు గోడకెక్కుతాయి, మిగతావి ఏమవుతాయో ఎవరికీ పట్టదు.

ఆరో తరగతి నుంచి ప్రతి విద్యార్థికీ గీతల్లేని స్కెచ్ బుక్ ఒకటి ఉండాలన్నది డ్రాయింగ్ మాస్టారుగా పనిచేసి రిటైరైన నా కోరిక. పదేళ్లు దాటాక పిల్లలకు బొమ్మ అచ్చం ఉన్నట్టే రావాలన్న పట్టుదల మొదలవుతుంది. రాకపోతే ‘నాకు చేతకాదు’ అని పెన్సిల్ పక్కన పెట్టేస్తారు, చాలామంది మళ్లీ ముట్టుకోరు. వంకర గీత గీసినా ఎవరూ ఏమీ అనని చోటు ఒకటి ఆ వయసులోనే కావాలి. జూన్‌లో వేసిన చేతివేళ్లనూ జనవరిలో వేసినవాటినీ పక్కపక్కన చూసుకుంటే, తనకు ఎంత వచ్చిందో పిల్లవాడికే తెలుస్తుంది. విడి షీట్లతో అది కుదరదు.

అందుకే ఆ పుస్తకానికి మార్కులు, గ్రేడ్లు పెట్టొద్దు. మాస్టారు పిల్లల బొమ్మ మీద దిద్దకూడదు, ఏదైనా చూపించాలంటే వేరే కాగితం మీద వేసి చూపాలి. ప్రాజెక్టులు చేసిపెట్టినట్టు ఇంట్లో పెద్దవాళ్లు ఇవీ వేసిపెట్టకూడదు. ప్రతి పేజీ మీదా తేదీ వేయిస్తే చాలు. ఖరీదైన కాగితం కూడా అక్కర్లేదు. నీటి రంగులకైతే దళసరి కాగితం కావాలి గానీ, హెచ్‌బీ, 2బీ పెన్సిళ్లకు మామూలు తెల్ల కాగితం సరిపోతుంది.

పుస్తకం ఇచ్చి పీరియడ్ తీసేస్తే లాభం లేదు. విద్యాహక్కు చట్టం, 2009 ప్రకారం ఆరు నుంచి ఎనిమిది తరగతుల్లో వందమందికి పైగా పిల్లలున్న బడికి చిత్రకళ నేర్పే పార్ట్‌టైమ్ బోధకులు ఉండాలి. కళలకూ శాస్త్రాలకూ మధ్య గోడలు ఉండకూడదని 2020 జాతీయ విద్యావిధానం చెప్పింది. బడిలో మాత్రం సిలబస్ వెనకబడిందంటే ముందు పోయేది డ్రాయింగ్ పీరియడే. పదో తరగతి పిల్లల సంగతి చెప్పనే అక్కర్లేదు.

మా రాజమహేంద్రవరం కుర్రాడు దామెర్ల రామారావు (1897–1925)లోని కళను గుర్తించి ప్రోత్సహించింది ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ కూల్డ్రే. ఆ తర్వాతే ఆయన బొంబాయి జేజే స్కూల్‌లో చదివి అంత చిత్రకారుడయ్యాడు. ఆయన పేరిట గ్యాలరీ ఊళ్లోనే ఉంది. స్కెచ్ బుక్కులతో పిల్లల్ని అక్కడికి తీసుకెళ్లి, ఓ గంట నేల మీద కూర్చోబెట్టి వేసుకోనివ్వడానికి బడులకు పెద్దగా ఖర్చేమీ కాదు.

ఆంధ్రప్రదేశ్‌లో సర్వేపల్లి రాధాకృష్ణన్ విద్యార్థి మిత్ర కిట్ల కింద బ్యాగు, బూట్లు, బెల్టు, నోటు పుస్తకాలు ఇస్తున్నారు. వచ్చే ఏడాది కిట్ల టెండర్లు పిలిచే ముందే విద్యాశాఖ ఆ జాబితాలో స్కెచ్ బుక్‌నూ, రెండు పెన్సిళ్లనూ చేర్చాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

– ఒక విశ్రాంత డ్రాయింగ్ ఉపాధ్యాయుడు, రాజమహేంద్రవరం