పికప్ ఓనర్లకు మా షాపు మాట: హెడ్‌లైట్లలో ఎల్‌ఈడీ బల్బులు ఇక బిగించం

విజయవాడ ఆటోనగర్‌లో మా ఎలక్ట్రికల్ షాపుకు వచ్చే బొలెరో, టాటా ఏస్, దోస్త్, యోధా ఓనర్లకు ఒక సంగతి ముందే చెప్పి పెడుతున్నాం. కంపెనీ నుంచి హాలోజన్ బల్బుతో, అంటే తీగ వేడెక్కి వెలిగే మామూలు బల్బుతో, వచ్చిన హెడ్‌లైట్లో ఎల్‌ఈడీ బల్బు పెట్టే పని ఈ నెల నుంచి మానేశాం. బల్బు మీరే కొని తెచ్చినా బిగించం. రాత్రిపూట రోడ్డు బాగా కనపడాలంటే చేయాల్సిన పనులు వేరే ఉన్నాయి. అవి చేస్తాం.

డబ్బు సంగతి ముందు మాట్లాడుకుందాం. హాలోజన్ జత మీద కంటే ఎల్‌ఈడీ జత మీద మాకు మిగిలేది ఎక్కువ. పని కూడా పది నిమిషాలే. కస్టమర్ అక్కడే స్విచ్ వేసి, తెల్లటి వెలుతురు చూసి సంతోషంగా వెళ్తాడు. అలాంటి బేరం వదులుకోవడం మాకేం సరదా కాదు. "పక్క షాపులో పెడుతున్నారుగా, మీకేంటండీ నొప్పి?" అని ఇప్పటికే అడుగుతున్నారు. పక్కవాళ్ళ వ్యాపారం వాళ్ళిష్టం. మా లెక్క మేం చెప్తాం.

మన పికప్‌లలో ఎక్కువ వాటికి వచ్చేది హెచ్4 బల్బు. అందులో రెండు ఫిలమెంట్లు, అంటే వెలిగే తీగలు, ఉంటాయి: దూరానికి కొట్టే హైబీమ్‌కు 60 వాట్లు, కిందికి కొట్టే డిమ్‌కు 55 వాట్లు. డిమ్ ఫిలమెంట్ కింద చిన్న రేకు దొప్ప ఒకటి కనపడుతుంది. దాని వల్ల వెలుతురు రిఫ్లెక్టర్, అంటే బల్బు వెనక మెరిసే గిన్నె, పైసగం మీదే పడి, అక్కడి నుంచి కిందికి, అంటే రోడ్డు మీదికి మళ్ళుతుంది. డిమ్‌లో పెట్టి గోడ మీద కొడితే అడ్డంగా గీత గీసినట్టు ఉంటుంది. గీత కింద వెలుతురు, పైన చీకటి. ఎడమ చివర మాత్రం ఆ గీత కాస్త పైకి లేస్తుంది, రోడ్డు పక్కన నడిచేవాళ్ళూ బోర్డులూ కనపడాలని.

ఇదంతా ఆ సన్నటి ఫిలమెంట్ సరిగ్గా ఎక్కడుండాలో అక్కడ ఉంటేనే. ఎల్‌ఈడీ బల్బులో చిప్‌లు ఒక పట్టీకి అటూ ఇటూ అతికించి ఉంటాయి. పట్టీకి మందం ఉంటుంది, చిప్‌ల చోటూ మారుతుంది. ఒకటి రెండు మిల్లీమీటర్ల తేడా చాలు, గోడ మీద గీత చెదిరిపోవడానికి. చెదిరిన వెలుతురు సూటిగా ఎదుటివాడి కళ్ళలోకి వెళ్తుంది. అతని కళ్ళు బైర్లు కమ్మితే అతని బండి వచ్చేది మీ వైపుకే కదా.

"మాకైతే బాగా కనపడుతోందండీ" అంటారు. నిజమే, బండి ముందు పది మీటర్లు బ్రహ్మాండంగా కనపడుతుంది. ఇబ్బంది కూడా అక్కడే ఉంది. దగ్గర అంత తెల్లగా ఉంటే కంటిపాప చిన్నదవుతుంది, దూరంగా చీకట్లో ఉన్నది ఇంకా చీకటైపోతుంది. 80 కిలోమీటర్ల స్పీడులో బండి సెకనుకు 22 మీటర్లు పోతుంది. ముందున్నది చూసి బ్రేకు మీద కాలు వేసేసరికే 30 మీటర్లు దాటుతుంది, ఆగడం ఆ తర్వాత. కాబట్టి మనకు కావాల్సింది దూరపు చూపు. కోతలప్పుడు సగం రోడ్డు ధాన్యానికే పోతుంది, పైన టార్పాలిన్, చుట్టూ రాళ్ళు. వెనక లైటు, రేడియం ఏమీ లేని ట్రాక్టర్ ట్రక్కులు, అడ్డంగా నిలబడ్డ గేదెలు ఎలాగూ ఉన్నాయి. కైకలూరు, ఆకివీడు వైపు నుంచి రాత్రిపూట చేపలు తోలేవాళ్ళకు ఇది మేం చెప్పాల్సిన పని లేదు.

చట్టం సంగతికి వస్తే, 1989 కేంద్ర మోటారు వాహనాల రూల్స్‌లో 106వ రూల్ దీని గురించే. లైటు ముందు 8 మీటర్ల దూరంలో, కుడి పక్కకు అర మీటరు జరిగి, నేల నుంచి మీటరున్నర ఎత్తులో ఉన్న కంటికి మిరుమిట్లు కొట్టకూడదు. ఒకప్పుడు హెడ్‌లైట్ల మధ్యలో నల్ల చుక్క పెట్టేవాళ్ళు, గుర్తుందా? ఈ మిరుమిట్లు తగ్గించడానికే అది.

ఇంకో చిన్న ఇబ్బంది. ఎల్‌ఈడీ వెనక ఫ్యాను, వేడిని బయటికి లాగే హీట్ సింక్ ఉంటాయి. వాటితో హెడ్‌లైట్ వెనక రబ్బరు క్యాపు సరిగ్గా కూర్చోదు. వానాకాలం తేమ లోపలికి చేరి రిఫ్లెక్టర్ పూత పోతుంది. అప్పుడు మొత్తం హెడ్‌లైట్ అసెంబ్లీ మార్చాలి.

సరే, మరి మేం చేసేదేంటి?

మొదట వోల్టు మీటరు పెట్టి చూస్తాం. ఇంజిన్ నడుస్తుంటే బ్యాటరీ దగ్గర 14 వోల్టులు, బల్బు హోల్డర్ దగ్గర 12 మాత్రమే చూపించే పాత బండ్లు మామూలే. మధ్యలో సన్నటి వైర్లు, స్టీరింగ్ దగ్గర అరిగిన కాంబినేషన్ స్విచ్, బాడీకి కలిపే దగ్గర తుప్పు పట్టిన ఎర్త్ వైరు కలిసి మిగతాది తినేస్తాయి. హాలోజన్ బల్బుకు వోల్టేజీ పది శాతం తగ్గితే వెలుతురు దాదాపు 30 శాతం తగ్గుతుంది. చాలామంది "బల్బు పవర్ లేదు" అనుకునేది దీన్నే. అది తెలియక 100/90 వాట్ల బల్బులు వేయిస్తారు. సన్నగా వచ్చే కుళాయి కింద పెద్ద బకెట్టు పెట్టినట్టు ఉంటుంది ఆ యవ్వారం. పైగా రెండు లైట్లకూ కలిపి 16 ఆంపియర్లు పైనే లాగి హోల్డర్లు కరుగుతాయి, రిఫ్లెక్టర్ మాడుతుంది. అవి కూడా మా దగ్గర దొరకవు.

దీనికి మందు రిలే వైరింగ్. రిలే అంటే చిన్న కరెంటుతో పెద్ద కరెంటును వేసే స్విచ్. బ్యాటరీ నుంచి ఫ్యూజ్ పెట్టి రెండున్నర స్క్వేర్ ఎంఎం వైరు నేరుగా లాగుతాం. హైబీమ్‌కు ఒక రిలే, డిమ్‌కు ఒకటి. పాత స్విచ్ రిలేను లేపడం వరకే చేస్తుంది, లోడు దాని మీద పడదు. కొత్తగా ఎర్త్ కూడా బాడీకి శుభ్రంగా గీకి బిగిస్తాం. అదే 60/55 బల్బు, వేరే బండిలో ఉన్నట్టు వెలుగుతుంది. దీనికీ ఒక లోటు ఉంది, చెప్పాలి: పూర్తి వోల్టేజీ అందుతుంది కాబట్టి బల్బు ముందుకంటే త్వరగా పోతుంది. ఒక స్పేర్ బల్బు క్యాబిన్‌లో పెట్టుకోండి. మార్చేటప్పుడు గాజును వేళ్ళతో ముట్టుకోవద్దు.

ప్లాస్టిక్ అద్దం పచ్చబడి ఉంటే నీటి ఎమరీ పేపరుతో రుద్ది, పాలిష్ చేసి, పైన యూవీ కోటింగ్ వేస్తాం. ఇది శాశ్వతం కాదు. మన ఎండలకు ఏడాదో, ఆపైన కొంతకాలమో. కోటింగ్ లేకుండా ఉత్త పాలిష్ చేయించుకుంటే ఇంకా ముందే పోతుంది. లోపల రిఫ్లెక్టర్ వెండి రంగు పూతే రాలిపోతే మాత్రం రుద్దుడు దండగ, అసెంబ్లీ మార్చుకోండి. ఆన్‌లైన్‌లో చవగ్గా తెప్పించేవాళ్ళు అద్దం మీద అచ్చు చూడండి. కుడివైపు పోయే దేశాల కోసం చేసిన లైటు అయితే డిమ్ వెలుతురు కుడి పక్క పైకి లేస్తుంది, అంటే ఎదురొచ్చేవాడి మీదికి. ఎడమ వైపు నడిచే మనలాంటి దేశాలకు చేసినదాని మీద, ఎదురుగా నిలబడి చూస్తే, మీ కుడికి చూపించే బాణం గుర్తు ఉంటుంది.

అన్నిటికన్నా చవకైన పని, ఎవరూ అడగని పని లైటు ఎత్తు సెట్ చేయడం. పికప్‌కు ఇది కారు కంటే ముఖ్యం. వెనక టన్నున్నర లోడు పడితే కమాన్లు (పట్టీ స్ప్రింగులు) కుంగుతాయి, ముందు భాగం లేస్తుంది. ఒక్క డిగ్రీ లేచినా 50 మీటర్ల దూరంలో వెలుతురు 87 సెంటీమీటర్లు పైకి పోతుంది. అప్పుడు మీ డిమ్ కూడా ఎదుటివాడికి హైబీమే. మేం పది మీటర్ల దూరంలో గోడ పెట్టుకుని, లైటు ఎత్తు కంటే పది సెంటీమీటర్లు కిందికి గీత వచ్చేలా స్క్రూలు తిప్పుతాం. కొన్ని బండ్లలో డ్యాష్‌బోర్డు మీద 0, 1, 2, 3 అని చిన్న చక్రం ఉంటుంది. అది లోడును బట్టి లైటు దించడానికే. ఉన్నవాళ్ళు వాడండి దయచేసి.

రేట్లు: రిలే వైరింగ్ మెటీరియల్‌తో 1,400, రెండు అద్దాల పాలిష్, కోటింగ్ 900, ఎత్తు సెట్టింగ్ 150. మూడూ కలిపి చేయించుకుంటే సెట్టింగ్‌కు తీసుకోం. మీటరు చెకింగ్ ఉచితం. వైర్లు బాగానే ఉన్నాయని తేలితే రిలే వద్దనే చెప్తాం.

క్యాబిన్ మీద బార్ లైట్లు అడగొద్దు. బంపరు కింద పసుపు ఫాగ్ ల్యాంపులు కావాలంటే వేస్తాం, డిసెంబరు, జనవరి మంచులో ఎన్‌హెచ్ 16 మీద అవి పనికొస్తాయి. మామూలు రాత్రుల్లో ఆపేసి ఉంచండి.

ఎల్‌ఈడీ ఇప్పటికే ఉన్నవాళ్ళు పాత బల్బులు తెచ్చుకుంటే మార్చి సెట్ చేస్తాం, సెట్టింగ్ కూలి తప్ప ఇంకేం వద్దు. కంపెనీ నుంచే ఎల్‌ఈడీ హెడ్‌లైట్ వచ్చిన బండ్లకు ఇవేవీ వర్తించవు, వాటి రిఫ్లెక్టర్, లెన్సు దానికోసమే చేసినవి.

ఎత్తు సెట్టింగ్ సాయంత్రం చీకటి పడ్డాకే, ఏడు నుంచి తొమ్మిది దాకా. ఆదివారం సెలవు. కిరాయికి బయల్దేరేటప్పుడు లోడుతోనే రండి, టైర్లలో గాలి చూపించుకుని మరీ. ఖాళీ బండికి చేసే సెట్టింగ్ మీద మాకే నమ్మకం లేదు.