బరంపురంలోని మన తెలుగు సంఘం: కార్యదర్శి వార్షిక నివేదిక

గౌరవ సభ్యులకు నమస్కారం.

ఉగాదికి పంచాంగ శ్రవణం, సంక్రాంతికి ముగ్గుల పోటీ ఎప్పటిలాగే జరిగాయి. ఆదివారం తెలుగు బడి నడుస్తోంది గానీ పిల్లలు పలచబడ్డారు. ఇంట్లో తెలుగు మాట్లాడి, రాయమంటే ఒడియాలో రాసే పిల్లలకు గుణింతాలు రుచించడం లేదు. జమాఖర్చుల పట్టీ జతచేశాం. మామూలు సంగతులు ఇంతే. మిగతాదంతా ఒక్క సభ్యుడి గురించి రాస్తున్నాను. ఈ ఏడాది మన తప్పూ, మనం చేసిన కాస్త పనీ రెండూ అక్కడే ఉన్నాయి.

ఆయన పేరు రాయను. పాతవాళ్లు పోల్చుకుంటారు, పోల్చుకున్నా పైకి అనకండి. బజారులో బట్టల కొట్టు, సొంత ఇల్లు, స్కూటరు, ఏటా మన అన్నదానానికి బియ్యం బస్తా. భార్యకు కిడ్నీలు చెడ్డాయి. డయాలిసిస్‌లు, విశాఖకు రాకపోకలు. ముందు బంగారం కరిగింది, తర్వాత కొట్టులో సరుకు. 2020 లాక్‌డౌన్‌లో కొట్టు మూతపడింది, వడ్డీ మాత్రం నడిచింది. ఇల్లమ్మి బాకీలు తీర్చారు. ఆమె దక్కలేదు. అద్దె ఇల్లు, ఆపైన అద్దె గది, ఆపైన రైల్వే స్టేషను.

మనమేం చేశాం? మూడేళ్లు చందా కట్టలేదని పాత చిరునామాకు నోటీసు పంపాం. కవరు తిరిగొచ్చింది. రిజిస్టరులో పేరు కొట్టేశాం. కొట్టేసిన కలం నాదే. కవరు ఎందుకు తిరిగొచ్చిందో కనుక్కోవడానికి ఒక్కరమూ గడప దిగలేదు.

మన ఊరి అమ్మవారి ఠాకురాణీ జాతర రోజుల్లో ఆహార్ కేంద్రం దగ్గర ఆయన కనబడ్డారు. 2015లో ఒడిశా ప్రభుత్వం మొదలుపెట్టిన ఐదు రూపాయల భోజనం, అన్నమూ, కూరగాయలు వేసిన పప్పు దాల్మా. నన్ను చూసి తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నారు. పలకరిస్తే, "ఏటి బాబూ, చందాకొచ్చావా?" అంటూ జేబులోంచి మడతపెట్టిన నోటు తీశారు.

చొక్కా ఇస్త్రీ చెదరలేదు. రాత్రి దాన్ని విప్పి, నీళ్లు చిలకరించి, పాత పేపరులో మడిచి సంచి కింద పరుచుకుని పడుకుంటారట. "మాసిన చొక్కా అయితే లేపేస్తారు బాబూ. ఇలాగుంటే రైలు కోసం కూకున్నాననుకుంటారు." అన్నదానానికి ఎందుకు రాలేదని అడిగాను. "పెట్టిన చేత్తో పట్టమంటావా?" అన్నారు.

కార్యవర్గంలో దీని మీద గొడవే అయింది. ఇది సాంస్కృతిక సంఘం, అనాథాశ్రమం కాదన్నారు ఒకరు. తాగుడుంటుంది లెండి అన్నారు ఇంకొకరు. ఆయనకు పాన్ అలవాటు కూడా లేదని ఆ అన్నవారికీ తెలుసు.

పట్టణాల్లో లక్ష జనాభాకు ఒకటి చొప్పున రాత్రింబవళ్లూ తెరిచి ఉండే ఆశ్రయాలు ఉండాలని 2010లో సుప్రీంకోర్టు చెప్పింది. 2011 లెక్కలకే మన ఊరి జనం మూడున్నర లక్షలు దాటారు. ఆశ్రయంలో చేర్పిస్తానంటే ఆయన ఒప్పుకోలేదు. "అక్కడ పేరు రాసుకుంటారు" అన్నారు. ఎండకీ వానకీ ఓర్చుకున్న మనిషి ఆ రిజిస్టరుకి భయపడ్డారు. మన రిజిస్టరు గుర్తొచ్చి నేను మళ్లీ అడగలేదు.

గది వెతికితే ప్రతి యజమానిదీ ఒకటే ప్రశ్న: ఇంతకు ముందు ఎక్కడుండేవారు? ఆధార్‌లో ఇంకా అమ్మేసిన ఇంటి చిరునామాయే ఉంది. చివరికి సంఘం పూచీ మీద, పాత బస్టాండు వెనక ఒక గది దొరికింది. అడ్వాన్సు ముగ్గురు సభ్యులు భరించారు, పేర్లు వద్దన్నారు. చిరునామా మార్పిడి అయింది. వృద్ధాప్య పింఛను దరఖాస్తు పెట్టాం, ఇంకా మంజూరు కాలేదు. మంజూరయ్యేదాకా అద్దెకు ఏ పద్దు కింద ఇవ్వాలో సభ తేల్చాలి.

దీనికి జతచేసిన జమాఖర్చుల పట్టీ ఆయన చేతిరాతే. ఊరికే డబ్బు పుచ్చుకోనన్నారు, లెక్కలు రాస్తానన్నారు. నా లెక్కలో రెండు తప్పులు పట్టుకున్నారు కూడా.

సభ ముందు పెడుతున్న తీర్మానం: ఇకమీదట చందా బకాయి ఉన్నవారి ఇంటికి ఇద్దరు సభ్యులు స్వయంగా వెళ్లి వచ్చేదాకా ఏ పేరూ కొట్టేయరాదు.

ఇంకొకటి. హాల్లో వేదిక పక్క ఫ్యాను ఒకప్పుడు ఆయనిచ్చిందే. రెక్క మీద ఎర్ర రంగుతో ఆయన పేరుంది. దాన్ని చెరిపించమని రెండుసార్లు అడిగారు. రెగ్యులేటరు మార్పించాం. పేరు జోలికి ఇంకా పోలేదు.

ఇట్లు,
కార్యదర్శి