ఆ చిందు కళాకారిణి పేరేమిటి?

సంపాదకుడు గారికి,

పోయిన నెల హనుమకొండలో ఒక సభకు వెళ్లాను. పెట్టింది ఎవరన్నది ఎందుకు గానీ, ఆహ్వానంలో 'చిందు యక్షగానం' అని ఉందనే వెళ్లాను, అంటే మన తెలంగాణ పల్లెల్లో వేషాలు కట్టి పాడుతూ ఆడే ఆట. ఆరింటికన్నారు, ముఖ్య అతిథి వచ్చేసరికి ఎనిమిదిన్నర. అప్పటిదాకా స్టేజీ వెనక ప్లాస్టిక్ కుర్చీలో యాభై దాటిన ఒకావిడ వేషం కట్టుకుని కూర్చునే ఉంది. ముఖానికి పూసిన అర్దళం రంగు చెమటకు చారలు కట్టింది. చెక్క భుజకీర్తులు బరువని విప్పి ఒళ్లో పెట్టుకోవడం, మైకులో ఏదో వినబడగానే పిలుస్తున్నారేమోనని మళ్లీ కట్టుకోవడం, ఇట్లా నాలుగుసార్లు చూశాను.

ఉపన్యాసాలన్నీ అయ్యాక పిలిచారు. సారంగధరలో చిత్రాంగి వేషం. హార్మోనియం శ్రుతి అందుకుని ఆమె రాగం తీస్తే వెనక వరుసలో పిల్లలు కూడా ఫోన్లు దించారు. రెండో పాట ఎత్తుకోగానే 'అమ్మా, టైం అయిపోయింది, ముగించాలి' అన్నారు. రాత్రంతా ఆడే ఆట పావుగంటలో ఖతం. ఒక శాలువా, ఒక ఫొటో. మర్నాడు ఒక పేపర్లో వక్తలందరి పేర్లూ వచ్చాయి, ఆవిడ మాత్రం 'చిందు కళాకారిణి' అంతే. (ఆ పేపర్ మీది కాదు. మీ దాంట్లో అసలు వార్తే రాలేదు.)

బోధన్ దగ్గరి అమ్దాపూర్ చిందు ఎల్లమ్మ పేరు కొందరికైనా తెలుసు. బతుకంతా ఆడి, పాడి 2005లో పోయింది. సురభి కమలాబాయిని తలుచుకుంటున్నామంటే తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద'లో లీలావతి వేసింది కాబట్టి కూడా. సినిమా దాకా పోనివాళ్లను ఎవరు రాసిపెట్టారు? 2024లో జనగామ జిల్లా చిందు కళాకారుడు గడ్డం సమ్మయ్య గారికి పద్మశ్రీ వచ్చింది, చాలా సంతోషం. కానీ చిందు ఒక్కరు ఆడేది కాదు, ఇంటిల్లిపాదీ ఆడేది, అందులో అత్తలు, కోడళ్లు, బిడ్డలు వేషం కట్టి పాడితేనే మేళం నడుస్తుంది.

హనుమకొండలోని కాళోజీ కళాక్షేత్రానికి 2014లో పునాది వేస్తే 2024 నవంబర్‌లో తెరిచారు. పదేళ్లు ఎదురుచూసిన హాలు అది. నెలకో రోజు అద్దె లేకుండా చిందు మేళాలకు ఇవ్వండి, తెల్లవార్లూ కుదరకపోతే మూడు గంటలైనా ఆడనివ్వండి, మధ్యలో సన్మానాలు వద్దు. గేటు దగ్గర బోర్డు మీద ఎవరు ఏ వేషమో పేర్లు రాయండి. మీ విలేకరులకు కూడా ఒక్క మాట చెప్పండి, ఫొటో కింద వేషం కట్టిన మనిషి పేరు వేయమని.

ఇంత రాస్తున్నాను గానీ ఆ రోజు ఆవిడ పేరు నేనూ అడగలేదు. ఆఖరి బస్సు పోతుందేమోనన్న టెన్షన్‌లో వచ్చేశాను.

– ఒక పాఠకుడు, కాజీపేట