నీ నడకకు పడిన దెబ్బలు

బరంపురం,
ఆదివారం రాత్రి

ప్రియమైన సూరీ,

మీ అమ్మగారు ఇచ్చిన అప్పడాలు, ఊరగాయ నిన్న పార్సిలు చేశాను. జాడీ మూతకు గుడ్డ కట్టింది మా ఆవిడ, జాగ్రత్తగా విప్పు.

మొన్న ఫోనులో నువ్వన్న మాట నన్ను వదలడం లేదు. "ట్రాన్స్‌జెండర్లను మాలాంటి గేలతో కలపవద్దురా, మేం మగవాళ్లను ప్రేమించే మగవాళ్లం, వాళ్ల సంగతి వేరు. అందరినీ ఒకే గొడుగు కింద నిలబెట్టబట్టే నేనూ చీర కట్టుకుంటానేమోనని జనం అనుకుంటున్నారు" అన్నావు. అప్పుడు దుకాణం నిండా మనుషులు ఉన్నారు, నోరు విప్పలేకపోయాను.

నీ మాటలో నిజం లేకపోలేదు. ఎవరి మీద మనసు పడుతుందన్నది ఒక సంగతి, తాను ఆడా మగా అన్నది మరొక సంగతి. నువ్వు మగవాడివి, ఆ విషయంలో నీకు ఏ సందేహమూ లేదు. మా దుకాణానికి వచ్చే అక్క ఒకామె ఉంది. పుట్టినప్పుడు మగపిల్లవాడని రాశారు, తాను ఆడపిల్లనని ఆమెకు చిన్నప్పటి నుంచీ తెలుసు. ఆమె ఒక మగవాడిని ప్రేమిస్తే, అది ఒక ఆడమనిషి మగవాడిని ప్రేమించడమే. నీ ప్రేమ అలాంటిది కాదు.

ఆమె ట్రాన్స్‌జెండర్ గుర్తింపు పత్రానికి దరఖాస్తు నింపింది నేనే. 2019 ట్రాన్స్‌జెండర్ల చట్టం ప్రకారం అది కలెక్టరు ఇవ్వాలి, అంటే మన జిల్లా కేంద్రం ఛత్రపురం నుంచి రావాలి. పాత పేరు రాయవలసిన చోటికి వచ్చేసరికి ఆమె గొంతు తగ్గించి, ఆ నాలుగు అక్షరాలూ నాకు మాత్రమే వినబడేలా చెప్పింది. తరువాత ఒక ఆఫీసులో గుమస్తా ఆ పేరుతోనే పదిమందిలో గట్టిగా పిలిచాడు. ఆమె లేచి వెళ్లలేదు, కదలనూ లేదు. పక్కన కూర్చున్న నాకు చెమటలు పట్టాయి. నీకు ఈ బాధ లేదు. ఆధార్‌లో ఉన్న పేరు నీదే. ఆసుపత్రిలో ఏ వార్డులో పడుకోబెట్టాలని నీ విషయంలో ఎవరూ తర్జనభర్జన పడరు. వాళ్ల అవసరాలు వేరు, వాటిని వేరుగానే అడగాలి. ఇంతవరకు నీతో పేచీ లేదు.

కానీ సూరీ, పాత బస్టాండు దగ్గర ఆ సాయంత్రం గుర్తుందా? ఇంటరు రెండో సంవత్సరం, గోపాలపురం నుంచి వచ్చి బస్సు దిగాం. నలుగురు కుర్రవాళ్లు నీ వెంటపడి ఒడియాలో "మాయిచియా" అని, తెలుగులో "ఆడంగి" అని రెండు భాషల్లోనూ తిట్టారు. ఒకడు నీ చొక్కా చింపాడు. అప్పటికి నీ మనసులో ఎవరున్నారో నాకే చెప్పలేదు, వాళ్లకేం తెలుసు? వాళ్లు చూసింది నీ నడక, నువ్వు చేతులు తిప్పే తీరు. ఆ దెబ్బలు నీ ప్రేమకు పడినవి కావు, నీ నడకకు పడినవి. అక్కకు రోజూ పడేవి కూడా ఆ దెబ్బలే. కొట్టేవాడు ఎన్నడూ మిమ్మల్ని వేరు చేసి చూడలేదు.

చట్టమైనా చూసిందా? అలహాబాదు హైకోర్టులో 1884 నాటి ఖైరాతి కేసు ఉంది. ఆడబట్టలు కట్టుకుని ఆడవాళ్లతో కలిసి పాడుతున్నందుకు ఆ మనిషిని అనుమానించి పట్టుకుని ప్రకృతికి విరుద్ధమంటూ మగవాళ్ల మధ్య సంబంధాన్ని కూడా నేరం చేసిన 377వ సెక్షను కింద కేసు పెట్టారు. నిన్ను ఇన్నేళ్లు భయపెట్టింది కూడా ఆ సెక్షనే. 2013 డిసెంబరులో సుప్రీంకోర్టు దానిని మళ్లీ నిలబెట్టింది. నాలుగు నెలలకే, 2014 ఏప్రిల్ 15న, అదే కోర్టు ట్రాన్స్‌జెండర్లను గుర్తించి, తాము ఎవరో చెప్పుకునే హక్కు వాళ్లదేనంది. అంటే అక్కకు కాగితం మీద గౌరవం వచ్చినా, తలుపు వేసుకుంటే 2018 దాకా నేరస్థురాలే. 2018 సెప్టెంబరు 6న, పెద్దవాళ్లు ఇష్టపడి కలిస్తే అది నేరం కాదని సుప్రీంకోర్టు చెప్పినప్పుడు నువ్వు ఫోనులో ఏడ్చావే, ఆ తీర్పులో న్యాయమూర్తులు పదే పదే ఆధారం చేసుకున్న వాటిలో ఆ 2014 తీర్పు ఒకటి. నీ గోడలో వాళ్లు మోసిన ఇటుకలు ఉన్నాయిరా.

నీ కోపం ఎక్కడ పుట్టిందో నాకు తెలుసుననుకుంటున్నాను. 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు ఇద్దరు మగవాళ్ల పెళ్లికి హక్కు లేదంది. అదే తీర్పులో ట్రాన్స్ స్త్రీ మగవాడిని ఇప్పుడున్న చట్టాల కిందే పెళ్లాడవచ్చని చెప్పింది. ఒకే రోజు వాళ్లకు తలుపు తెరిచి నీకు మూస్తే కడుపు మండదా? మండుతుంది. అయితే ఆ తలుపు మూసింది అక్క కాదు కదా.

ఇంకొకటి అడుగుతాను, చెప్పు. 2020లో మన ఒడిశా హైకోర్టుకు ఒకరు వెళ్లారు. ఆడపిల్లగా పుట్టి మగవాడిగా బతుకుతున్న మనిషి. ప్రేమించిన అమ్మాయిని ఆమె ఇంటివాళ్లు తీసుకుపోయారు. తానెవరో చెప్పుకునే హక్కూ, తోడును ఎంచుకునే హక్కూ రెండూ ఉన్నాయని చెప్పి, కోర్టు వాళ్లిద్దరినీ కలిసి బతకనిచ్చింది. ఊరి కంటికి వాళ్లు ఇద్దరు అమ్మాయిలు, తమ లెక్కలో ఒక అబ్బాయీ అమ్మాయీ. నువ్వు గీసిన గీతకు ఏ పక్కన నిలబెడతావు వాళ్లను?

రాత్రి పదకొండయింది. అక్క పత్రం వచ్చింది, రేపు తీసుకోవడానికి వస్తుంది. రంగుల్లో ప్రింటు తీసి, ప్లాస్టిక్ పొర వేయించి ఉంచాను. దసరాకు నువ్వు వచ్చినప్పుడు దుకాణంలో ఆమె ఉంటే, నన్ను పలకరించే ముందు ఆమెను పలకరించు. ఈ లోపు నా ప్రశ్నకు జవాబు రాయి, ఫోను చేయకు.

నీ
వాసు