మదర్సా ఒక్కదాన్నే చూస్తే ఎలా?

సంపాదకుడు గారికి,

ముస్లిం దేశాల్లో తీవ్రవాదం మాట వచ్చినప్పుడల్లా "ముందు మదర్సాలు మూసేయాలి" అనేవాళ్లే ఎక్కువగా కనిపిస్తున్నారు. పక్కనున్న బంగ్లాదేశ్‌లో ఏం జరిగిందో ఒకసారి గుర్తు చేసుకోమని వాళ్లను కోరుతున్నాను.

2016 జులై 1, రంజాన్ నెల. ఢాకాలోని గుల్షన్‌లో హోలీ ఆర్టిజన్ బేకరీ మీద పడిన ఐదుగురు కుర్రాళ్లు 20 మంది బందీలను చంపారు. ఇద్దరు పోలీసు అధికారులూ ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఖురాన్ ఆయతులు (వాక్యాలు) చదవమని అడిగి, చదివినవాళ్లను వదిలేశారని బతికి బయటపడినవాళ్లు చెప్పారు. నేను రోజూ చదువుకునే ఆయతులవి. ఆ వార్త చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఆ ఐదుగురిలో మదర్సాలో చదివినవాడు ఉన్న మాట నిజమే. ఢాకాలో పేరున్న ఇంగ్లిష్ మీడియం స్కూల్లో, మలేసియాలోని విదేశీ యూనివర్సిటీ క్యాంపస్‌లో చదువుకున్న డబ్బున్నవాళ్ల పిల్లలూ ఉన్నారు. మరి ఆ స్కూళ్లు కూడా మూసేద్దామా?

దాడి తర్వాత ప్రభుత్వం శుక్రవారం నమాజు ముందు చేసే ప్రసంగంలో, అంటే ఖుత్బాలో, ఏం చెప్పాలో రాసి మసీదులకు పంపింది. 2017లో ఖౌమీ మదర్సాల (ప్రభుత్వం కాకుండా, జనం విరాళాలతో నడిచేవి) పై చదువైన దౌరా-ఎ-హదీస్‌ను ఎం.ఏ.తో సమానం చేస్తామని ప్రకటించి, 2018లో చట్టం చేసింది. సిలబస్ మాత్రం మదర్సా బోర్డుల చేతిలోనే ఉండిపోయింది. లెక్కలు, సైన్సు రాని కుర్రాడి చేతిలో ఎం.ఏ. పట్టా పెడితే వాడికి మసీదు దాటి ఉద్యోగం ఎక్కడ దొరుకుతుంది? అదే 2017లో మామూలు బడుల పుస్తకాల్లోంచి హిందూ రచయితల పాఠాలు కొన్ని మాయమయ్యాయి. ఖౌమీ మదర్సాల మతపెద్దల సంస్థ హిఫాజతె ఇస్లాం ఒత్తిడికి తలొగ్గే అలా చేశారని అక్కడి మేధావులే గొడవపెట్టారు. నన్ను అన్నిటికంటే బాధపెట్టింది ఇదే.

ఖౌమీ మదర్సాలు నడిచేది దర్స్-ఎ-నిజామీ అనే పాత సిలబస్ పద్ధతిలో. 18వ శతాబ్దంలో లక్నో ఫిరంగీ మహల్‌లో ముల్లా నిజాముద్దీన్ దాన్ని కూర్చినప్పుడు తర్కానికి, తత్వశాస్త్రానికి పెద్ద పీట వేశారు. లెక్కలు కూడా అందులో ఉన్నాయి. అంటే మదర్సాలో లెక్కలు చెప్పమనడం పరాయి మాటేం కాదు, వాళ్ల పెద్దల బాటే.

చిన్నప్పుడు నేను తెల్లవారుజామున ఫజర్ నమాజు తర్వాత మసీదులో అరబ్బీ నేర్చుకుని, తొమ్మిదింటికి బడికి పరుగెత్తేవాణ్ణి. ఏం అడిగినా మా మౌల్వీ సాబ్ విసుక్కునేవారు కాదు. ఇంగ్లిష్ మీడియం పిల్లలకైనా, మదర్సా పిల్లలకైనా అలా అడగనిచ్చే మనిషి లేకపోతే నెట్‌లో దొరికినవాడే ఉస్తాద్ (గురువు) అవుతాడు. అందుకే మతం క్లాసు చెప్పే టీచర్లకు మంచి ట్రైనింగ్ కావాలి. ఇప్పుడు బంగ్లాదేశ్ బడుల్లో ఎవరి మతం పుస్తకం వాళ్లు చదువుకుంటారు. పక్క బెంచీవాడి పండగ గురించి కూడా రెండు పేజీలు ఉండాలి.

ఆ దాడికి రెండు వారాల ముందే, తీవ్రవాదం హరామ్ (మతం నిషేధించినది) అంటూ లక్ష మందికి పైగా బంగ్లాదేశ్ ఉలేమాలు (మత పండితులు) ఫత్వా (మతపరమైన తీర్పు) మీద సంతకాలు చేశారు. దాన్ని మదర్సాలోనూ బడిలోనూ పాఠంగా పెట్టమని అడుగుతున్నాను.

- విశ్రాంత సోషల్ టీచర్, కర్నూలు