గూగుల్‌లో మా కలంకారీ దుకాణం ఇన్నాళ్లూ ఎందుకు కనబడలేదంటే

మా దగ్గర బట్ట కొనే మీ అందరికీ నమస్కారం. ఉగాదికి ముందు మేము కొత్త వెబ్‌సైటు ప్రారంభించాం. ఆ తరువాత దాదాపు ఏడు వారాల పాటు గూగుల్‌లో మా దుకాణం పేరు వెతికినవారికి మేము కనబడలేదు. విశాఖపట్నం నుంచి పన్నెండేళ్లుగా మా చీరలు తీసుకుంటున్న ఒక అమ్మగారు ఫోను చేసి, "పెడనలో పని మానేశారా బాబూ, మీ పేరు కొడితే ఇంకెవరివో వస్తున్నాయి" అని అడిగేవరకు మాకు సంగతి తెలియలేదు. దుకాణం మూయలేదు, అద్దకం పని ఒక్క రోజు కూడా ఆగలేదు. జరిగినదేమిటో, ఇప్పుడు పరిస్థితి ఎలా ఉందో దాచకుండా చెప్పడం మా బాధ్యత.

సైటు తయారవుతున్న రోజుల్లో, సగం పూర్తయిన పేజీలు ఎవరి కంటా పడకూడదని, సెర్చ్ ఇంజన్లు వాటిని చేర్చుకోవద్దని చెప్పే నోఇండెక్స్ అనే సూచనను ప్రతి పేజీలోనూ పెట్టారు. సైటు తయారుచేయడానికి వాడిన వర్డ్‌ప్రెస్ అనే సాఫ్ట్‌వేర్ సెట్టింగులలో ఒక్క టిక్కు పెడితే ఆ పని జరిగిపోతుంది. ప్రారంభించేటప్పుడు దాన్ని తీయడం సైటు చేసినవారు మరిచిపోయారు. తీశారా అని అడగాలని నాకు తోచలేదు. తీయించిన తరువాత కూడా పది రోజులు ఏ మార్పూ లేదు. చూస్తే రోబోట్స్ అనే చిన్న ఫైలులో, 'డిజలౌ' అన్న మాట పక్కన ఒక్క ఏటవాలు గీత మిగిలి ఉంది. మొత్తం సైటులోకి రావద్దని దాని అర్థం. గూగుల్ తరఫున పేజీలు చదువుతూ తిరిగే గూగుల్‌బాట్ ఏ సైటుకు వచ్చినా ముందు ఈ ఫైలునే చూస్తుంది. గుమ్మంలోనే ఆపేస్తే, లోపల నోఇండెక్స్ తీసేశామన్న సంగతి దానికి తెలిసే దారే లేదు. ఆ గీత చెరిపించాక, సైటు యజమానుల కోసం గూగుల్ ఇచ్చే సెర్చ్ కన్సోల్ అనే సాధనంలో సైటు మాదేనని రుజువు చేసుకుని, పేజీల జాబితా అయిన సైట్‌మ్యాప్‌ను సమర్పించాం. ఇందుకు గూగుల్ ఒక్క రూపాయి కూడా తీసుకోదు.

రెండో తప్పు మా పాత వెబ్‌సైటు చిరునామా విషయంలో జరిగింది. మీలో చాలామంది దాచుకున్న పాత లింకులన్నిటినీ కొత్త సైటు మొదటి పేజీకే మళ్లించాం. పచ్చ నెమలి చీర లింకు నొక్కినవారు కూడా మొదటి పేజీలోకే వచ్చి, అక్కడ మళ్లీ వెతుక్కోవలసి వచ్చింది. అలా గంపగుత్తగా మళ్లిస్తే గూగుల్ కూడా ఆ పాత పేజీలు లేనట్టే లెక్కగడుతుంది. మా అమ్మాయి, నేను నాలుగు రాత్రులు కూర్చుని ఏ పాత పేజీ ఏ కొత్త పేజీకి వెళ్లాలో ఒక్కొక్కటే రాసి, శాశ్వత మళ్లింపుగా మార్పించాం. పాత చిరునామాను కనీసం మరో రెండేళ్లు డబ్బు కట్టి నిలుపుతాం, కాబట్టి మీ పాత లింకులు పనిచేస్తాయి.

ఇవన్నీ సరిచేసినా, మా 186 పేజీలలో మొదట చేరినవి ముప్పై మాత్రమే. మిగిలిన వాటిలో చాలావాటిని చదివామని, ప్రస్తుతానికి ఇండెక్స్‌లో, అంటే గూగుల్ వెతికి చూపే పేజీల జాబితాలో, చేర్చలేదని సెర్చ్ కన్సోల్ చూపించింది. నాకు ఎక్కువ బాధ కలిగించినది ఇదే, ఎందుకంటే ఇది ఎవరో మరిచిపోయిన టిక్కు కాదు, మా రాతలోని లోపం. ప్రతి చీర కిందా "పెడన కలంకారీ, సహజ రంగులు, మెత్తని నూలు" అన్న మూడు ముక్కలే ఉన్నాయి. రంగు పేరు తప్ప ఏదీ మారలేదు. కొలతలు, ధర బొమ్మలోనే అచ్చయి ఉన్నాయి, పేజీలో అక్షరాలుగా లేవు. ఇంత పనితనం ఉన్న బట్ట గురించి చెప్పడానికి మాకు మూడు ముక్కలకు మించి దొరకలేదా అని సిగ్గుపడ్డాను.

ఇప్పుడు ప్రతి డిజైనుకూ విడిగా రాస్తున్నాం. ఉదాహరణకు నల్ల గీతల నెమలి చీర పేజీలో, గుడ్డను కరక్కాయ పొడి కలిపిన గేదె పాలలో తడిపి ఎండబెట్టడం, ఇనుప ముక్కలూ బెల్లమూ నీళ్లలో ఊరబెట్టి నల్లరంగు తీయడం, ఎరుపు రావలసిన చోట పటిక అద్ది, కాలువలో ఉతికి, రంగు చెక్కతో ఉడికించడం వరుసగా వివరించాం. నెమలి మెడ దగ్గర గీత అచ్చు, ఎరుపు అచ్చు కొన్నిచోట్ల వెంట్రుకవాసి పక్కకు తప్పి కనబడతాయి. టేకు అచ్చును చేత్తో అద్దిన గుడ్డ మీద అది సహజమని దగ్గరి ఫోటో పెట్టి రాశాం. మేము కనబడని వారాలలో కలంకారీ కోసం వెతికిన కొందరు స్క్రీన్ ప్రింటు గుడ్డను అదే పేరుతో కొన్నారని తెలిసింది. ఈ తేడా స్పష్టంగా రాసి ఉంచడం మా పనే. ఈ అద్దకానికి భౌగోళిక గుర్తింపు (జీఐ) ఉన్నది మా పెడన పక్కనే ఉన్న మచిలీపట్నం పేరుతో, మచిలీపట్నం కలంకారీ అని కదా, మేము పెడన అని మాత్రమే రాశాం. ఇప్పుడు రెండు పేర్లూ పెట్టాం.

ఈ మధ్యలో, వారం రోజుల్లో మొదటి పేజీలో చూపిస్తామని ఒకరు ఫోను చేస్తే ఐదు వేల రూపాయలు ఇచ్చాను. బట్టలతో సంబంధం లేని సైట్లలో మా లింకులు పెట్టడం తప్ప వారు చేసిందేమీ లేదు. ఆ లింకులు తీయించాం. ఏ పేజీనైనా చేర్చుకుని తీరతామని గూగుల్ ఎవరికీ హామీ ఇవ్వదు, ఆ మాట గూగులే చెబుతుంది.

ఈ రోజుకు 186లో 131 పేజీలు చేరాయి. దుకాణం పేరు వెతికితే మా సైటే ముందు వస్తోంది. మైక్రోసాఫ్ట్ వారి సెర్చ్ ఇంజన్ బింగ్‌లో ఇండెక్స్‌నౌ పద్ధతితో మార్పులను మేమే తెలియజేస్తున్నందువల్ల అక్కడ పని ఇంకా త్వరగా జరిగింది. మిగిలిన 55 పేజీలకు వివరాలు రాయడం జరుగుతోంది, కానీ రాసిన ప్రతి పేజీ చేరుతుందని చెప్పలేను. అంతవరకు, మీకు పంపే పొట్లం మీద, బిల్లు మీద ఉన్న చిరునామానే నేరుగా టైపు చేయండి. దొరకని చీర ఉంటే ఎప్పటి ఫోను నంబరుకే ఫోటో పంపండి. శ్రావణ మాసానికి కావలసినవి మాత్రం కాస్త ముందుగా చెప్పమని కోరుతున్నాను, ఎందుకంటే వానలు పడితే గుడ్డ ఎండదు, ఒక్కో చీరకు రోజులు పెరుగుతాయి.